తక్కువ పిండి భోజనం, తగ్గిన షుగర్: మీటరు చెప్పేదెంత, దాచేదెంత

పెద్దవాళ్ల ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. డెసిలీటరుకు 100 మిల్లీగ్రాముల షుగర్ అని రిపోర్టు వస్తే, ఆ మొత్తం రక్తంలో కరిగి ఉన్న గ్లూకోజు 5 గ్రాములన్న మాట. ఒక టీస్పూను పంచదారంత. ఇప్పుడు 200 గ్రాముల అన్నం తిన్నారనుకుందాం. అందులో 55 గ్రాములకు పైగా పిండి పదార్థం ఉంటుంది. అరిగాక అది ఇంచుమించు అంతా గ్లూకోజే. అంటే రక్తంలో అప్పటికే ఉన్నదానికి పది రెట్లు మించిన గ్లూకోజు రెండు మూడు గంటల్లో పేగుల నుంచి వచ్చి చేరుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో ఇంత వచ్చినా రీడింగు 140 దాటడం అరుదు. వచ్చిన గ్లూకోజును ఎప్పటికప్పుడు సర్దేసే ఆ ఏర్పాటే షుగర్ వ్యాధిలో దెబ్బతింటుంది.

ఆ సర్దుబాటులో మూడు పనులున్నాయి. తిండి లోపలికి వెళ్లిన కొద్ది నిమిషాల్లోనే క్లోమం ఇన్సులిన్‌ను ఒక్కసారిగా విడుదల చేయాలి. ఆ ఇన్సులిన్ మాట విని కండరాలు గ్లూకోజును లోపలికి తీసుకోవాలి. లివర్ తన దగ్గరున్న గ్లూకోజును రక్తంలోకి వదలడం కాసేపు ఆపాలి. టైప్ 2లో ఈ మూడూ కుంటుపడతాయి. ఇన్సులిన్ ఆలస్యంగా, చాలీచాలకుండా వస్తుంది. కండరాలు దాన్ని పట్టించుకోవు. లివర్ ఆపాల్సిన సమయంలో ఆపదు. టైప్ 1లో అసలు ఇన్సులినే రాదు. ఏ రకమైనా, లోపలికి వచ్చే గ్లూకోజును తగ్గిస్తే సర్దాల్సిన భారం తగ్గుతుంది. లో కార్బ్ పద్ధతి వెనకున్న తర్కం ఇంతే. ఇందులో మాయ ఏమీ లేదు. వాదన మొదలయ్యేది ఆ తర్వాతే: ఎంత తగ్గించాలి, ఎంతకాలం, దాని బదులు ఏం తినాలి, మందుల సంగతేమిటి, అన్నిటికన్నా ముఖ్యంగా, రీడింగు తగ్గితే జబ్బు తగ్గినట్టేనా.

పిండి పదార్థాల మాట సరే, మిగతా రెండింటి సంగతి చూడాలి. ప్రోటీన్‌లో కొంత భాగం లివర్‌లో గ్లూకోజుగా మారగలదు. కానీ అది చాలా నెమ్మదిగా జరుగుతుంది కాబట్టి రీడింగు మీద దాని ప్రభావం తక్కువ. ఇన్సులిన్ పూర్తిగా బయటి నుంచి తీసుకునేవాళ్లకు మాత్రం పెద్ద మాంసం ముక్క కూడా కొన్ని గంటల తర్వాత లెక్కలోకి వస్తుంది. కొవ్వు నేరుగా షుగర్‌ను పెంచదు. అయితే కడుపు ఖాళీ అవడాన్ని ఆలస్యం చేస్తుంది. అందుకే పిండీ కొవ్వూ రెండూ ఎక్కువున్న భోజనం తర్వాత రెండు గంటల రీడింగు బాగానే కనిపించి, నాలుగో గంటలో పైకి పోతుంది. పిజ్జా తిన్న రాత్రి మీటరు చూసి సంబరపడి, తెల్లారి కంగారుపడేవాళ్లకు ఇది అనుభవమే.

పాత వైద్యమే

ఈ పద్ధతిని కొత్త ఫ్యాషన్ అనుకోవడం పొరపాటు. బ్రిటిష్ సైన్యంలో సర్జన్ అయిన జాన్ రోలో 1790లలోనే ఒక షుగర్ రోగికి ధాన్యాలు మానిపించి, మాంసం, కొవ్వు ప్రధానంగా ఉన్న తిండి పెట్టి, మూత్రంలో చక్కెర తగ్గడాన్ని నమోదు చేశాడు. 1870లో పారిస్ నగరం ముట్టడిలో చిక్కుకొని తిండికి కటకటలాడినప్పుడు, తన రోగుల మూత్రంలో చక్కెర తగ్గిందని ఫ్రెంచ్ వైద్యుడు అపొలినేర్ బుషార్దా గమనించాడు. 1910లలో అమెరికాలో ఫ్రెడరిక్ అలెన్ దీన్ని చివరిదాకా లాగాడు. టైప్ 1 పిల్లలను దాదాపు పస్తులుంచి, ఎముకల గూళ్లుగా మార్చి అయినా ఏడాదో రెండేళ్లో ఎక్కువ బతికించాడు. అప్పటికి అంతకన్నా మార్గం లేదు.

1922 జనవరిలో టొరంటోలో 14 ఏళ్ల లియోనార్డ్ థాంప్సన్‌కు ఇన్సులిన్ ఇంజక్షన్ ఇవ్వడంతో ఆ అధ్యాయం ముగిసింది. తర్వాతి దశాబ్దాల్లో కొవ్వు వల్ల గుండెజబ్బు వస్తుందన్న భయం పెరిగి, షుగర్ రోగులకు కూడా కొవ్వు తగ్గించండి, పిండి పదార్థాలు తినండి, మందుతో అదుపు చేద్దాం అనే సలహా స్థిరపడింది. అది తిరిగి మెత్తబడటానికి చాలాకాలం పట్టింది. 2019లో అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ నిపుణుల నివేదిక, మొత్తం పిండి పదార్థాలను తగ్గించడానికే షుగర్ అదుపు విషయంలో ఎక్కువ ఆధారాలున్నాయని ఒప్పుకుంది. అదే నివేదిక అందరికీ సరిపోయే ఒకే నిష్పత్తి లేదని కూడా చెప్పింది. లో కార్బ్ అభిమానులు మొదటి మాటను, విమర్శకులు రెండో మాటను పట్టుకొని తిరుగుతుంటారు.

ఈ కథలో ఇంకో పేరు చెప్పుకోవాలి. రిచర్డ్ బెర్న్‌స్టీన్ అనే అమెరికన్ ఇంజినీరు చిన్నప్పటి నుంచి టైప్ 1 రోగి. 1969లో, ఆసుపత్రులకు మాత్రమే అమ్మే గ్లూకోజు మీటరును డాక్టరైన భార్య పేరు మీద తెప్పించుకొని, ఇంట్లోనే రోజుకు అనేకసార్లు పరీక్షించుకోవడం మొదలుపెట్టాడు. తన మాట వైద్యులు వినడం లేదని నలభైలు దాటాక తనే వైద్యవిద్య చదివాడు. రోజుకు 30 గ్రాముల పిండి పదార్థం చాలన్న ఆయన పద్ధతి చాలామందికి అతిగా తోచవచ్చు. దాని వెనకున్న ఇంజినీరు లెక్క మాత్రం తిరుగులేనిది. తిండిలో ఎంత పిండి ఉందో మనం వేసే అంచనా ఎప్పుడూ అటూఇటూ అవుతుంది. ఆ తేడా 20 శాతం అనుకుంటే, 100 గ్రాముల భోజనంలో 20 గ్రాములు తప్పుతాయి, 15 గ్రాముల భోజనంలో 3 గ్రాములే తప్పుతాయి. తప్పు చిన్నదైతే దాన్ని దిద్దడానికి వేసుకునే ఇన్సులిన్ కూడా చిన్నదే. తక్కువ పిండి వల్ల సగటు షుగర్ తగ్గడం ఎంత ముఖ్యమో, ఎగుడుదిగుళ్లు తగ్గడం కూడా అంతే ముఖ్యమని దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఎంత తగ్గిస్తే తక్కువ

ఇక్కడే గందరగోళం ఎక్కువ. రోజుకు 130 గ్రాముల లోపు, లేదా మొత్తం కేలరీల్లో 26 శాతం లోపు ఉంటే లో కార్బ్ అని పరిశోధకులు ఎక్కువగా వాడే కొలత. 20 నుంచి 50 గ్రాముల మధ్య ఉంటే అది కీటో. మామూలుగా తినే మనిషి 2000 కేలరీల్లో సగం పిండి పదార్థాల నుంచి తీసుకుంటే అది 250 గ్రాములు. అంటే 250 నుంచి 120కి దిగినవాళ్లూ, 250 నుంచి 30కి దిగినవాళ్లూ "లో కార్బ్ చేస్తున్నాం" అనే అంటారు. ఒంట్లో జరిగేది మాత్రం ఒకటి కాదు.

మొదటివాళ్లకు భోజనం తర్వాతి పెరుగుదల సగానికి సగం తగ్గొచ్చు. జీవితం పెద్దగా మారదు. పండ్లు, పప్పుధాన్యాలు, పాలు ఏదో ఒక మోతాదులో ఉంటాయి. రెండోవాళ్ల శరీరం ఇంధనాన్నే మార్చుకుంటుంది. మెదడుకు రోజుకు 120 గ్రాముల దాకా గ్లూకోజు కావాలి. తిండిలో అది రాకపోతే లివర్ కొంత సొంతంగా తయారు చేస్తుంది, మిగతాది కొవ్వును కరిగించి కీటోన్ల రూపంలో సరఫరా చేస్తుంది. పిండి తినకపోతే మెదడు పనిచేయదన్న మాట ఈ కారణంగానే నిలబడదు. అలాగని కీటో దాకా వెళితేనే ఫలితం వస్తుందన్న మాటకూ ఆధారం లేదు.

మొదటి వారంలో రెండు కిలోలు తగ్గామని సంతోషించేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. కండరాల్లో, లివర్‌లో 400 నుంచి 500 గ్రాముల గ్లైకోజెన్ (ఒళ్లు గ్లూకోజును దాచుకునే రూపం) నిల్వ ఉంటుంది. ప్రతి గ్రాముతో పాటు మూడు గ్రాముల దాకా నీరు ఉంటుంది. నిల్వ ఖర్చవగానే ఆ నీరూ పోతుంది. అది కొవ్వు కాదు. మళ్లీ ఒక రోజు మామూలుగా తింటే ఆ బరువు తిరిగొస్తుంది, దానికి నిరాశపడాల్సిన పనీ లేదు.

ఆధారాలు ఏమంటున్నాయి

2021లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 23 అధ్యయనాలను, మొత్తం 1357 మందిని కలిపి చూసిన విశ్లేషణ ఒకటి వచ్చింది. ఆరు నెలలకు హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే రక్తపరీక్ష) 6.5 శాతం లోపుకి వచ్చినవాళ్లు లో కార్బ్ గుంపులో 57 శాతం, ఇతర ఆహారం తిన్న గుంపులో 31 శాతం. చిన్న తేడా కాదిది. అయితే మందులు లేకుండా ఆ స్థాయిలో ఉన్నవాళ్లను మాత్రమే లెక్కిస్తే తేడా బాగా తగ్గిపోయింది. ఏడాది దాటేసరికి లాభం చాలావరకు కరిగిపోయింది. అంతకన్నా ఆసక్తికరమైన మాట ఇంకోటి ఉంది: అతి కఠినమైన కీటో తరహా పథ్యం బరువు తగ్గడంలో, ఆరు నెలలకు, కాస్త సడలించిన లో కార్బ్ కన్నా వెనకబడింది. దాన్ని తూచా తప్పకుండా పాటించినవాళ్లలో ఈ తేడా కనిపించలేదు. పద్ధతిలో లోపం లేదు, అందరూ దాన్ని పట్టుకొని ఉండలేకపోయారంతే.

దీనికి ఎదురుగా పెట్టి చూడాల్సింది బ్రిటన్‌లో జరిగిన 'డైరెక్ట్' (DiRECT) అనే అధ్యయనం. రాయ్ టేలర్, మైకేల్ లీన్ నడిపిన దీని మొదటి ఫలితాలు 2017 చివర్లో వచ్చాయి. షుగర్ వచ్చి ఆరేళ్లు దాటని, ఇన్సులిన్ వాడని వాళ్లకు మూడు నుంచి అయిదు నెలల పాటు సూపులు, షేకులతో రోజుకు 825 నుంచి 853 కేలరీలు మాత్రమే ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి 46 శాతం మందికి మందులు లేకుండానే షుగర్ వ్యాధి హద్దు కిందికి వచ్చింది. మామూలు చికిత్స పొందినవాళ్లలో అది 4 శాతం. 15 కిలోలు అంతకు మించి తగ్గినవాళ్లలో 86 శాతం.

ఆ సూపుల్లో కేలరీల లెక్కన పిండి పదార్థం దాదాపు 59 శాతం. అందుకే లో కార్బ్ అవసరమే లేదనడానికి చాలామంది ఈ అధ్యయనాన్ని చూపిస్తారు. గ్రాముల్లోకి మార్చి చూస్తే కథ వేరేగా ఉంటుంది. 840 కేలరీల్లో 59 శాతం అంటే సుమారు 124 గ్రాములు, అంటే 130 గ్రాముల హద్దు లోపలే. శాతంలో చూస్తే హై కార్బ్, గ్రాముల్లో చూస్తే లో కార్బ్! రక్తంలోకి వెళ్లేది గ్రాములే, శాతాలు కాదు. రెండు శిబిరాలూ ఏళ్ల తరబడి వాదించుకునే విషయంలో చాలా భాగం ఈ కొలతల తేడాలోనే ఉంది.

డైరెక్ట్ చెప్పిన అసలు సంగతి మరొకటి. టేలర్ బృందం 2011లోనే 11 మందిపై చేసిన చిన్న అధ్యయనంలో, రోజుకు 600 కేలరీల తిండితో వారం తిరగకుండా పరగడుపు షుగర్ మామూలు స్థాయికి వచ్చింది, లివర్‌లోని కొవ్వు 30 శాతం తగ్గింది. ఎనిమిది వారాల్లో క్లోమంలో పేరుకున్న కొవ్వు తగ్గి, ఇన్సులిన్ తొలి విడుదల కూడా మెరుగుపడింది. టైప్ 2కి మూలం లివర్‌లో, క్లోమంలో చోటు కాని చోట చేరిన కొవ్వేనని, దాన్ని తీసేస్తే, ఆలస్యం కాకపోతే, యంత్రాంగం మళ్లీ పనిచేస్తుందని ఈ బృందం వాదన.

ఇక్కడ ఒక తేడా స్పష్టంగా పెట్టుకోవాలి. పిండి తగ్గించడం వల్ల షుగర్ ఆ పూటే తగ్గుతుంది. లోపలి లోటు అలాగే ఉన్నా తగ్గుతుంది, ఎందుకంటే పరీక్షకు నిలబడాల్సిన అవసరమే క్లోమానికి రాలేదు. బరువు తగ్గడం వల్ల వచ్చే మార్పు నెమ్మదైనది, కానీ అది లోటునే తగ్గిస్తుంది. చాలామందికి లో కార్బ్ వల్ల ఆకలి తగ్గి, దాంతో బరువు తగ్గి, రెండు లాభాలూ కలిసొస్తాయి. పిండి మానేసి వెన్న, చీజ్, వేయించిన మాంసంతో కేలరీలు నింపుకుంటూ బరువు తగ్గనివాళ్లకు మొదటి లాభం మాత్రమే దక్కుతుంది. మీటరు చూస్తే ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు.

మీటరు దాచేవి

రాత్రి ఆకుకూర, గుడ్లు తప్ప ఏమీ తినకపోయినా పొద్దున పరగడుపున 150 చూపిస్తుంటే ఎవరికైనా టెన్షనే. ఆ షుగర్ తిండి నుంచి వచ్చింది కాదు. తెల్లవారుజామున కార్టిసాల్, గ్రోత్ హార్మోన్ పెరిగి, లివర్‌ను గ్లూకోజు వదలమని ప్రేరేపిస్తాయి. షుగర్ వ్యాధిలో ఇన్సులిన్ ఆ ఉత్పత్తికి కళ్లెం వేయలేకపోతుంది. అందువల్ల లో కార్బ్‌లో తిన్న తర్వాతి రీడింగు ముందుగా దిగుతుంది, పరగడుపు రీడింగు చివరిదాకా మొండికేస్తుంది. దీన్ని దించేవి బరువు తగ్గడం, మెట్‌ఫార్మిన్ లాంటి మందు, సరైన నిద్ర. రాత్రి భోజనంలో ఉన్న ఆ కాస్త పిండినీ తీసేయడం వల్ల పెద్దగా ఒరిగేది ఉండదు.

దీనికి తలకిందులైన మోసం ఇంకోటి ఉంది. చాలాకాలం బాగా తక్కువ పిండి తిన్నవాళ్లకు 75 గ్రాముల గ్లూకోజు తాగించి పరీక్ష చేస్తే, నిజానికి ఉన్నదానికన్నా అధ్వానంగా ఫలితం రావచ్చు. కండరాలు కొవ్వును వాడుకోవడానికి అలవాటుపడి, హఠాత్తుగా వచ్చిన గ్లూకోజును తీసుకోవడానికి సిద్ధంగా ఉండవు. అందుకే ఆ పరీక్షకు ముందు మూడు రోజులు రోజుకు కనీసం 150 గ్రాముల పిండి పదార్థం తినాలన్న నియమం ఉంది. పరీక్ష రాసిన డాక్టరుకు తిండి మార్చిన సంగతి చెప్పకపోతే అనవసరంగా కొత్త మందు చేరుతుంది.

మీటరు కచ్చితత్వం గురించి కూడా అతిగా నమ్మకం పెట్టుకోకూడదు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 100 దాటిన రీడింగులకు అటూఇటూ 15 శాతం తేడా ఉన్నా అది మంచి మీటరే. అసలు షుగర్ 160 ఉంటే 140 చూపించినా, 180 చూపించినా ప్రమాణం లోపలే. నిన్న 148, ఇవాళ 156 అని కూర్చొని నిన్న తిన్నవాటిని తవ్వుకోవడం వృథా. చేతి మీద అంటించుకునే సెన్సర్లు గీత దిశ బాగా చూపిస్తాయి గానీ, అవి కొలిచేది చర్మం కింది ద్రవాన్ని కాబట్టి రక్తం కన్నా కొన్ని నిమిషాలు వెనకబడి ఉంటాయి.

హెచ్‌బీఏ1సీ ఈ గొడవల నుంచి చాలావరకు తప్పిస్తుంది. ఎర్ర రక్తకణం ఆయుష్షు సుమారు 120 రోజులు కాబట్టి రెండు మూడు నెలల సగటు అందులో కనిపిస్తుంది. 6 శాతం అంటే సగటున 126, 7 శాతం అంటే 154. ఐరన్ లోపంతో రక్తహీనత ఉన్నవాళ్లలో ఇది ఉన్నదానికన్నా ఎక్కువ చూపించగలదు. కణాలు త్వరగా నశించే జబ్బులుంటే తక్కువ చూపిస్తుంది. మీటరు సగటుకూ దీనికీ పొంతన కుదరనప్పుడు మొదట హిమోగ్లోబిన్ చూడాలి.

మందులు వాడేవాళ్ల సంగతి

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదివే తీరిక ఉంటే ఇదే చదవాలి. లో కార్బ్ వల్ల జరిగే నిజమైన ప్రమాదాలు ఎక్కువగా తిండి వల్ల రావు, పాత తిండికి సరిపడేలా రాసిన మందును కొత్త తిండితో వేసుకోవడం వల్ల వస్తాయి.

ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, గ్లిమెపిరైడ్, గ్లిక్లాజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్లు మొదటి వరుసలో ఉంటారు. మనం భోజనం చేశామా లేదా అని చూడకుండా ఈ మాత్రలు క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తాయి. భోజనంలో పిండి సగానికి పడిపోయి, మందు మాత్రం అలాగే ఉంటే షుగర్ 70 కిందికి జారుతుంది. వణుకు, చెమటలు, గుండెదడ, తికమక మొదలవుతాయి. బీపీకి బీటా బ్లాకర్లు వాడేవాళ్లలో గుండెదడ, వణుకు బయటపడకపోవచ్చు, చెమట ఒక్కటే మిగిలే హెచ్చరిక. మందు మోతాదు మార్పు తిండి మార్చే రోజు నుంచే మొదలవ్వాలి. లో షుగర్ వచ్చాక చూద్దాంలే అనే పద్ధతి ఇక్కడ పనికిరాదు. వస్తే మాత్రం లో కార్బ్ నియమం పక్కనపెట్టి 15 గ్రాముల గ్లూకోజు తీసుకొని, పావుగంట తర్వాత మళ్లీ చూసుకోవాలి. పథ్యం చెడిపోతుందని ఆ సమయంలో గింజలో, చీజో తినేవాళ్లు ఉంటారు. కొవ్వు ఉన్న తిండి గ్లూకోజును ఆలస్యం చేసి ప్రమాదాన్ని పెంచుతుంది.

రెండో వరుసలో డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్, కెనాగ్లిఫ్లోజిన్ వాడేవాళ్లు. ఈ మందులు గ్లూకోజును మూత్రంలోకి పంపేస్తాయి. గుండెకు, కిడ్నీలకు మంచి చేస్తాయన్న పేరుతో ఇవి ఇప్పుడు విరివిగా వాడుకలో ఉన్నాయి. వీటితో పాటు కీటో తరహా తిండి చేరితే ఇన్సులిన్ మరీ తగ్గి, కీటోన్లు హద్దు దాటి, రక్తం ఆమ్లంగా మారే ప్రమాదం (కీటోఅసిడోసిస్) ఉంది. మామూలు కీటోఅసిడోసిస్‌లో షుగర్ చాలా ఎక్కువగా ఉంటుంది కాబట్టి గుర్తించడం తేలిక. ఇక్కడ షుగర్ 200 లోపు ఉండగానే అది రావచ్చు. మీటరు బాగానే ఉందని ఇంట్లోవాళ్లు ధీమాగా ఉంటారు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం ఉంటే రీడింగుతో సంబంధం లేకుండా ఆసుపత్రికి వెళ్లి కీటోన్ల పరీక్ష చేయించాలి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ ప్రమాదం గురించి 2015లోనే హెచ్చరించింది.

బీపీ మందుల గురించి తక్కువమంది ఆలోచిస్తారు. ఇన్సులిన్ తగ్గగానే కిడ్నీలు ఉప్పును, నీటిని ఎక్కువగా వదిలేస్తాయి. మొదటి రెండు వారాల్లో వచ్చే తలనొప్పి, నీరసం, లేవగానే కళ్లు తిరగడం చాలావరకు దీనివల్లే. బీపీ మాత్రలు పాత మోతాదులోనే సాగితే కిందపడే ప్రమాదం ఉంటుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు ఈ చిక్కులు దాదాపు ఉండవు.

చూపు మసకబారడం ఇంకో చిన్న విషయం. షుగర్ వేగంగా తగ్గినప్పుడు కంటి కటకంలో నీటి శాతం మారి కొన్ని వారాలు అద్దాలు సరిపోనట్టు అనిపిస్తుంది. ఆ సమయంలో కొత్త అద్దాలు చేయించుకుంటే డబ్బు దండగే. అయితే ముందే రెటీనా దెబ్బతిన్నవాళ్లు మార్పు మొదలుపెట్టే ముందే కంటి డాక్టరుకు చూపించుకోవాలి.

ఖాళీ అయిన చోట ఏం పెట్టాలి

పిండి తగ్గితే పళ్లెంలో చోటు మిగులుతుంది. లో కార్బ్ మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు సగం జవాబు ఆ చోట్లో ఏం చేరిందన్న దాన్నిబట్టి ఉంటుంది. 2018లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్‌లో వచ్చిన ఒక పెద్ద పరిశీలన, పిండి బదులు జంతు మాంసం, జంతు కొవ్వు పెంచినవాళ్లలో మరణాలు ఎక్కువగా, మొక్కల నుంచి వచ్చే ప్రోటీన్, కొవ్వు పెంచినవాళ్లలో తక్కువగా ఉన్నాయని చూపింది. ఇలాంటి పరిశీలనలు కారణాన్ని నిరూపించలేవు, అందులో అందరూ షుగర్ రోగులూ కారు. అయినా దిశ చెబుతాయి.

2022లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం చిన్నదే గానీ ప్రశ్న సూటిగా అడిగింది. అవే మనుషుల చేత 12 వారాలు కీటో, మరో 12 వారాలు మెడిటరేనియన్ తరహా తిండి తినిపించారు. రెండింట్లోనూ పంచదార, మైదా లాంటి పాలిష్ పట్టిన ధాన్యాలు లేవు, కూరగాయలు పుష్కలం. తేడా ఏమిటంటే రెండో దాంట్లో పప్పులు, పండ్లు, ముడి ధాన్యాలు ఉన్నాయి. హెచ్‌బీఏ1సీలో రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. రక్తంలో తిరిగే కొవ్వులైన ట్రైగ్లిజరైడ్లు కీటోలో ఎక్కువ తగ్గాయి. చెడు కొలెస్టరాల్ అయిన ఎల్‌డీఎల్ మాత్రం కీటోలో పెరిగి, రెండో దాంట్లో తగ్గింది. కీటోలో పీచు కూడా తక్కువ. పంచదార, మైదా మానేయడం వల్ల వచ్చిన లాభాన్ని చాలామంది పప్పులు, పండ్లు మానేయడం ఖాతాలో వేస్తున్నారేమో అని ఇది చూశాక అనిపించక మానదు.

షుగర్ రోగుల ప్రాణాలు ఎక్కువగా తీసేది గుండెజబ్బే కాబట్టి, మొదలుపెట్టే ముందు ఒకసారి, మూడు నెలల తర్వాత ఒకసారి ఎల్‌డీఎల్ చూసుకోవడం తప్పనిసరి. కొందరిలో అది విపరీతంగా పెరుగుతుంది. వెన్న, మీగడ తగ్గించి ఆలివ్ నూనె, గింజలు, చేపల వైపు మళ్లితే చాలామందిలో దిగుతుంది. కిడ్నీలు ముందే దెబ్బతిన్నవాళ్లు పిండి స్థానంలో ప్రోటీన్‌ను విచ్చలవిడిగా పెంచకూడదు. వాళ్ల మోతాదు డాక్టరు చెప్పాల్సిందే.

ప్యాకెట్ల మీద రాసే మాటల గురించి కొంచెం. "షుగర్ ఫ్రీ" అంటే పంచదార లేదని మాత్రమే, పిండి లేదని కాదు. మాల్టిటాల్ అనే తీపి పదార్థం షుగర్‌ను బాగానే పెంచుతుంది, ఎరిత్రిటాల్ దాదాపు పెంచదు. మాల్టోడెక్స్‌ట్రిన్ పేరు వినడానికి అమాయకంగా ఉన్నా రక్తంలోకి వెళ్లే వేగంలో అది గ్లూకోజుకు తీసిపోదు. ముందు వైపు అక్షరాలు వదిలేసి, వెనక పట్టికలో మొత్తం కార్బోహైడ్రేట్లు, పీచు చూసి, మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే వచ్చేది లెక్కకు దగ్గరగా ఉంటుంది. కొన్ని దేశాల పట్టికల్లో పీచును ముందే తీసేసి రాస్తారు, అక్కడ మళ్లీ తీసేయకూడదు.

ఎలా మొదలుపెట్టాలి

ఒకే తిండికి అందరిలో ఒకే పెరుగుదల రాదు. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ 2015లో 800 మందికి సెన్సర్లు పెట్టి చూస్తే, అదే పదార్థానికి ఒక్కొక్కరి స్పందన చాలా తేడాగా ఉంది. కాబట్టి పట్టికలు మొదటి అంచనాకు పనికొస్తాయి, తుది తీర్పు సొంత మీటరుదే. తినబోయే ముందు ఒకసారి, మొదటి ముద్ద నుంచి రెండు గంటలకు ఒకసారి చూసి, తేడా రాసుకోవాలి. ఒక పూటలో ఒక మార్పే చేయాలి. తినే ముందు 80 నుంచి 130, తిన్నాక 180 లోపు అనేది చాలామంది పెద్దలకు సాధారణంగా పెట్టే లక్ష్యం. వయసు మళ్లినవాళ్లకు, లో షుగర్ తరచూ వచ్చేవాళ్లకు ఇంకా సడలిస్తారు.

మొదట తీసేయాల్సినవి పానీయాలు. పండ్ల రసం, కూల్ డ్రింకులు, తీపి కలిపిన కాఫీ, టీ. వీటికి నమిలే పనిలేదు, పీచు లేదు, కడుపు నింపవు. ఇవి మానేయడం వల్ల ఎవరికీ నష్టం లేదు. తర్వాత ప్రతి పూటా ఉన్న అన్నం, బ్రెడ్డు, బంగాళదుంప మోతాదును సగం చేసి, ఆ స్థానంలో పిండి తక్కువున్న కూరగాయలు, ప్రోటీన్ పెడితే చాలామంది ఏ పుస్తకం చదవకుండానే 130 గ్రాముల చుట్టుపక్కలకు వచ్చేస్తారు. అక్కడ కొన్ని వారాలు ఉండి, హెచ్‌బీఏ1సీ చూసి, ఇంకా తగ్గించాలా వద్దా తేల్చుకోవచ్చు. ఒక్క రాత్రిలో 20 గ్రాములకు దూకడం కన్నా ఇది నీరసంగా కనిపిస్తుంది, నిజమే. ఏడాది తర్వాత కూడా అలాగే తింటున్నవాళ్లు మాత్రం ఈ దారిలోనే ఎక్కువ.

పిండిని తగ్గించకుండానే దాని దెబ్బ తగ్గించే ఉపాయాలు రెండున్నాయి. మొదట కూరగాయలు, ప్రోటీన్ తిని, పిండి పదార్థాన్ని చివర్లో తింటే తర్వాతి పెరుగుదల తగ్గుతుందని చిన్న అధ్యయనాలు చూపాయి. తిన్న తర్వాత పది, పదిహేను నిమిషాల నడక రెండోది. కదిలే కండరం ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే గ్లూకోజును లోపలికి లాక్కుంటుంది. ఇన్సులిన్‌ను పట్టించుకోని కండరం కూడా నడిచేటప్పుడు మాట వింటుంది.

గర్భిణులు కఠినమైన లో కార్బ్ జోలికి వెళ్లకూడదు. ఆ సమయంలో రోజుకు కనీసం 175 గ్రాముల పిండి పదార్థం ఉండాలన్నది ప్రమాణం. ఎదిగే పిల్లలు, తిండి విషయంలో మానసిక ఇబ్బందులున్నవాళ్లు, టైప్ 1 రోగులు సొంతంగా ప్రయోగాలు చేయకూడదు. టైప్ 1లో ఎంత తక్కువ పిండి తిన్నా ఇన్సులిన్ పూర్తిగా మానేయడం ప్రాణాంతకం.

మందులు ఆపి మూడు నెలలు దాటాక కూడా హెచ్‌బీఏ1సీ 6.5 శాతం లోపు ఉంటే దాన్ని రెమిషన్ అంటారని 2021లో అంతర్జాతీయ నిపుణులు నిర్వచించారు. నయమైందని అనలేదు. డైరెక్ట్ అధ్యయనంలో ఏడాదికి 46 శాతంగా ఉన్నది రెండేళ్లకు 36కి దిగింది, బరువు తిరిగి పెరిగినవాళ్లే ఎక్కువగా వెనక్కి వెళ్లారు. అందుకే రెమిషన్‌లో ఉన్నవాళ్లు కూడా ఏడాదికి కనీసం ఒకసారి హెచ్‌బీఏ1సీ చూసుకోవాలి. రెటీనా, కిడ్నీ, పాదాల పరీక్షలు మునుపటి లాగే కొనసాగించాలి, ఎందుకంటే షుగర్ ఎక్కువగా ఉన్న ఏళ్లలో మొదలైన నష్టం, రీడింగు బాగుపడ్డాక కూడా కొంతకాలం ముందుకు సాగగలదు.